గోడ మీద చోటుంది, ఇంట్లో చోటు లేదు

రాజమహేంద్రవరంలో ఈ మధ్య కట్టిన ఒక అపార్టుమెంటు అది. దాని పేరు చెప్పము. చెబితే తప్పంతా ఆ ఒక్క భవనం మీదకు నెట్టి మిగిలిన భవనాలవారు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. లోపలికి అడుగుపెట్టగానే లిఫ్టు పక్క గోడ మీద, తరువాత ప్రతి అంతస్తులో మెట్ల మలుపు దగ్గర, నలుపు తెలుపు ఛాయాచిత్రాలు వరుసగా వేలాడుతున్నాయి. అన్నీ మన నగర వీధుల దృశ్యాలే. కోటగుమ్మం దగ్గర రిక్షాలో కునుకు తీస్తున్న మనిషి, గోదావరి గట్టున వల బాగుచేసుకుంటున్న జాలరి, తాడితోటలో బట్టల బేలు మోస్తున్న కూలీ. వారి మధ్య మనవాళ్లు కూడా ఉన్నారు. తెల్లటోపీ, నెరిసిన గడ్డంతో ఫుట్‌పాత్ మీద తాళాలు బాగుచేస్తున్న వృద్ధుడు, ఒళ్లంతా దూది అంటుకున్న పరుపుల కార్మికుడు, వీపులు మాత్రమే కనబడేలా రేవు మెట్లు దిగుతున్న ముగ్గురు బుర్ఖా స్త్రీలు. ఫ్రేముల కింద చిన్న అక్షరాలలో శీర్షికలున్నాయి: ‘ఎదురుచూపు’, ‘నీడలు’, ‘కాలం’. మనుషుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఆ భవనంలో ఒక వాటా అద్దెకున్నదని తెలిసి మా పాఠక కుటుంబమొకటి చూడబోయింది. భర్త ఉద్యోగి, భార్య ఉపాధ్యాయురాలు. అద్దె, అడ్వాన్సు ఫోనులోనే మాట్లాడుకున్నారు. ఇల్లు చూశారు, నచ్చింది. అప్పుడు పేరు అడిగారు, వీరు చెప్పారు. మరునాడు ఉదయమే ‘మా బంధువులు దిగుతామంటున్నారు, ఏమీ అనుకోకండి’ అని కబురు వచ్చింది. నెల గడిచినా టు-లెట్ బోర్డు మాత్రం దిగలేదు. ఆ సోదరి మాతో ఇలా అన్నది: “మెట్లు దిగేటప్పుడు ఆ తాళాల ముసలాయన ఫోటో చూశాను. అచ్చం మా అబ్బాజాన్‌లా ఉన్నాడు. ఆయనకు ఇచ్చిన చోటు మాకు ఇవ్వలేదు గదా!”

ఆ మాటను మేము మరచిపోలేకపోతున్నాము. ఈ వ్యాసం ఆ మాటకు బాకీ తీర్చుకునే ప్రయత్నం.

ముందే ఒక విషయం స్పష్టం చేస్తున్నాము. ఆ ఛాయాచిత్రాలను దించమని మేము అడగడం లేదు. చిత్రకళ రాజమహేంద్రవరానికి కొత్త కాదు. 1897లో పుట్టి 1925లోనే కన్నుమూసిన దామెర్ల రామారావు ఈ గడ్డ మీదే చిత్రకళాశాల నెలకొల్పాడు, ఆయన పేరిట ఉన్న చిత్రశాలను నేటికీ జనం చూసి వస్తున్నారు. అలాంటి ఊరిలో పదిమంది నడిచే మెట్ల దారిలో బిల్డరు ప్రకటనలకు బదులు ఊరి మనుషుల ముఖాలు కనబడితే సంతోషించవలసిందే. రిక్షా తొక్కే మనిషి ముఖం గోడకెక్కడం మంచి సంగతి. వీధి ఛాయాచిత్రకారుడు ఎండలో తిరిగి, సామాన్యుని బతుకులో ఒక క్షణాన్ని పట్టి మన ముందు ఉంచుతాడు. ఆ శ్రమను మేము గౌరవిస్తాము. కానీ గౌరవం ఒకవైపే నడిచే బాట కాకూడదు. బొమ్మ తీసినవాని పేరు ఫ్రేము మీద ఉంటుంది, బొమ్మను కొని తగిలించిన సంఘం పేరు ప్రారంభోత్సవ ఫలకం మీద ఉంటుంది. బొమ్మలో ఉన్నవాని పేరు ఎందుకు లేదు? మా మొదటి ప్రశ్న ఇదే.

ఈ పేరులేనితనానికి పెద్ద చరిత్రే ఉంది. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు ఆన్రీ కార్తియే బ్రెస్సాఁ 1948లో శ్రీనగర్‌లోని హరిపర్బత్ కొండ మీద కొందరు ముస్లిం స్త్రీలను నలుపు తెలుపులో చిత్రించాడు. వెనుక హిమాలయాలు, ముందు ముసుగులు, చాచిన అరచేతులు. వీధి ఛాయాచిత్రకళ గురించి మాట్లాడేవారెవరైనా ఆ బొమ్మను తలుచుకుంటారు. అందులో ఉన్నవారిని లోకం ‘ముస్లిం స్త్రీలు’ అన్న రెండు మాటలతోనే గుర్తుపెట్టుకుంది. 1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ ఒక ఆఫ్ఘన్ బాలికను ఫోటో తీశాడు. అది 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమైంది. ఆ పచ్చని కళ్లు ప్రపంచమంతా తెలిసినా, ఆమె పేరు షర్బత్ గులా అని ప్రపంచానికి తెలియడానికి 2002 వరకు పట్టింది. అదే షర్బత్ గులాను తప్పుడు గుర్తింపు కార్డు ఉందన్న నేరం మీద 2016లో పాకిస్తాన్ అరెస్టు చేసి దేశం నుంచి పంపివేసింది. దేశదేశాల గోడలకెక్కిన ముఖానికి తలదాచుకునే గోడలు దొరకలేదు.

మన దేశానికే వద్దాము. 2002 మార్చి 1న అహ్మదాబాద్‌లో అల్లరిమూకల నడుమ చిక్కుకుని, చేతులు జోడించి, కన్నీళ్లతో ప్రాణభిక్ష అడుగుతున్న దర్జీ ఫోటో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. రాయిటర్స్ ఛాయాచిత్రకారుడు అర్కో దత్తా తీశాడు. ఆ ఫోటో ప్రపంచానికి నిజం చెప్పింది, కాదనలేము. అయితే ఆ దర్జీ ఏమైనాడు? ఎక్కడికి వెళ్లినా జనం గుర్తుపట్టడంతో పని దొరకడం కష్టమైంది, ఊరు విడిచి కలకత్తా వెళ్లి కొంతకాలం తలదాచుకున్నాడు. తన ముఖాన్ని ఎన్నికల ప్రచారాలకు వాడుకోవద్దని వేడుకోవలసి వచ్చింది. ఆయన కూడా ఒక ఇంటి యజమాని, ఒక తండ్రి, కుట్టుపని తెలిసిన మనిషి. లోకం ఆయనను ఒక్క భంగిమలోనే బంధించివేసింది.

మా రెండవ ప్రశ్న నలుపు తెలుపుల గురించి. రంగు తీసివేస్తే వెలుగునీడలు బాగా తెలుస్తాయని, చూపు ముఖం మీద నిలుస్తుందని కళాకారులంటారు. అది నిజమే. కానీ రంగుతో పాటు ఇంకొకటి కూడా పోతుంది. అది కాలం. నిరుడు తీసిన బొమ్మ యాభై ఏళ్ల కిందటిదిగా కనబడుతుంది. ఆ తాళాల వృద్ధుని పక్కనున్న సెల్‌ఫోను ఫ్రేములోకి రాదు. ఆయన మనుమరాలి పాఠశాల యూనిఫారం రంగు కనబడదు. ఆయనకు ఆధార్ కార్డు ఉందని, ఓటు ఉందని, మనుమడు పాలిటెక్నిక్ చదువుతున్నాడని బొమ్మ చెప్పదు. ఆయన ‘పాత రాజమండ్రి’ అయిపోతాడు. పాతది అందంగా ఉంటుంది, పాతది ఏమీ అడగదు, పాతది అద్దెకు ఇల్లు కావాలని తలుపు తట్టదు. అందుకే గోడ మీద ముస్లిం అందరికీ ఇష్టుడు. తలుపు తట్టే ముస్లిం, రంగుల చొక్కా వేసుకుని జీతం చీటీ చూపించే ముస్లిం, ఆ అందమైన జ్ఞాపకంలో ఇమడడు.

ఈ నగరం నడిబొడ్డున 1324 నాటి శాసనమున్న మసీదు ఉంది. ఏడు శతాబ్దాలుగా మనం ఈ నది నీళ్లు తాగుతున్నాము. కాకినాడలో, అమలాపురంలో, నరసాపురంలో, భీమవరంలో, నిడదవోలులో మన పిల్లలు గోదావరి యాసలోనే అల్లరి చేస్తారు, ఆ యాసలోనే దెబ్బలు తింటారు. రాయలసీమతో పోల్చితే ఇక్కడ మన సంఖ్య చాలా తక్కువ. సంఖ్య తక్కువైనచోట మనిషి కంటే ముందు అతని బొమ్మ ఇరుగుపొరుగుకు చేరుతుంది. ఒక బాలుడు ముస్లిం పొరుగువారు లేని భవనంలో పెరుగుతూ, రోజూ మెట్ల మీద టోపీని, బుర్ఖాను, దూదిని మాత్రమే చూస్తే అతనికి ముస్లిం అంటే ఏమని అర్థమవుతుంది? మౌనంగా కూర్చునేవాడు, వీపు తిప్పి నడిచేది, పేరులేనిది. డాక్టరు, లాయరు, బ్యాంకు ఉద్యోగి, స్కూలు పంతులు అయిన ముస్లిం అతని గోడ మీద లేడు, పక్క వాటాలోనూ లేడు.

మూడవ ప్రశ్న అనుమతిది. బహిరంగ వీధిలో ఎవరి ఫోటో తీయాలన్నా ముందుగా అడగాలని చెప్పే ప్రత్యేక చట్టం మనకు లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో మీద తొలి హక్కు సాధారణంగా తీసినవానిదే. అందులోని మనిషికి వాటా లేదు. అయితే 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. చట్టం ఊరుకున్నచోట మర్యాద ఊరుకోకూడదు. ఇతరుల ఇళ్లలోకి వారి సమ్మతి లేకుండా, సలాం చెప్పకుండా ప్రవేశించవద్దని అన్నూర్ సూరా మనకు నేర్పింది. ఇంటి గుమ్మానికున్న ఇజ్జత్ మనిషి ముఖానికి లేదా? నమాజుకు వెళ్లివచ్చే వృద్ధుణ్ణి “బాబాయిగారూ, మీ ఫోటో తీసుకోనా? ఫలానాచోట పెడతాము” అని అడగడానికి అర నిమిషం చాలు. ఆయన సరేనంటే ఆయన నవ్వు కూడా దొరుకుతుంది. వద్దంటే ఆ వద్దు కూడా ఆయన హక్కే.

కెమెరా మనకు కళాకారుని చేతిలోనే పరిచయం కాలేదని కూడా గుర్తుచేయాలి. 2021 మే నెలలో హైదరాబాద్ పాతబస్తీలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పోలీసులు దారిలో ఆపి, కరోనా మాస్కు తీయమని, ఆయన కాదన్నా ఫోటో తీశారు. ఆ ఫోటో ఎందుకు, ఏ యంత్రంలో పెడతారు, ఎంతకాలం ఉంచుతారు అన్న ప్రశ్నలతో ఆయన ముఖ గుర్తింపు సాంకేతికతకు వ్యతిరేకంగా తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. అందుకే మన వీధుల్లో కెమెరా పైకి లేస్తే ముందుగా గుండె ఝల్లుమంటుంది. మంచి మనసుతో వచ్చే ఛాయాచిత్రకారునికి ఈ సంగతి తెలిసి ఉండాలి. అదే అపార్టుమెంటు లాబీలో చూడండి. గోడ మీద మన వృద్ధుని కళాత్మక చిత్రం, దాని పైన సీసీ కెమెరా, గేటు మీద ‘తోపుడు బండ్లకు, అమ్మకందార్లకు ప్రవేశం లేదు’ అన్న బోర్డు. బొమ్మలో ఉన్న మనిషే నడిచివస్తే వాచ్‌మన్ ఆపుతాడు, కెమెరా పట్టుకుంటుంది, గోడ మాత్రం మెచ్చుకుంటుంది.

ఇలా కాకుండా చేయవచ్చా? చేసినవారున్నారు. పారిస్ శివార్లలోని మోంఫెర్మేలో లె బోస్కే అనే పేదల అపార్టుమెంట్ల సముదాయముంది. అరబ్బు, ఆఫ్రికన్ వలస కుటుంబాలు ఎక్కువగా ఉండేచోటు, అందులో ముస్లిములు అనేకులు. 2004లో జేఆర్ అనే యువ కళాకారుడు, ఆ ప్రాంతంలోనే పెరిగిన లాడ్జ్ లీ అనే మిత్రునితో కలిసి అక్కడి కుర్రాళ్ల నలుపు తెలుపు ఫోటోలను పెద్ద పెద్ద కాగితాలపై అచ్చువేసి ఆ భవనాల గోడలకే అతికించాడు. 2005 అక్టోబరులో పక్కనున్న క్లిషీ-సూ-బువాలో ఇద్దరు బాలురు పోలీసుల నుంచి తప్పించుకోబోయి విద్యుత్ కేంద్రంలో మరణించారు, శివార్లు భగ్గుమన్నాయి. టెలివిజన్ ఆ కుర్రాళ్లందరినీ మంటల వెనుక నీడలుగా చూపింది. అప్పుడు జేఆర్ మళ్లీ వెళ్లి, దగ్గరగా నిలబడి, వారికి తోచినట్టు మూతులు వంకర తిప్పుకోనిచ్చి ఫోటోలు తీశాడు. ఆ బొమ్మలను ధనికులుండే పారిస్ వీధుల గోడలకు అతికించాడు. ఒక్కొక్క బొమ్మ మీద ఆ కుర్రవాని పేరు, వయసు, అతడు ఉండే భవనం సంఖ్య వేశాడు. నన్ను చూసి భయపడుతున్నావా, ఇదిగో నా పేరు, ఇదిగో నా ఇల్లు అని గోడలే చెప్పాయి. ఏడాది తిరిగేసరికి ఆ బొమ్మలు పారిస్ నగర సభాభవనం ముందు కొలువుదీరాయి. అక్కడా నలుపు తెలుపులే, అక్కడా నివాస భవనాల గోడలే. బొమ్మలోని మనిషి సమ్మతి, అతని పేరు, అతని చిలిపితనం తోడైతే అదే కళ ఎంత మారిపోయిందో చూడండి.

ఇక అసలు సంగతికి వస్తున్నాము. ఆ మెట్లదారి ఎవరిది? 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం ప్రకారం మెట్లు, లాబీలు, నడవాలు వంటి ఉమ్మడి స్థలాలలో ప్రతి ఫ్లాటు యజమానికి విడదీయరాని వాటా ఉంటుంది. ఏ ఒక్కరూ ఇది నాది అని గీత గీసుకోలేరు. ఎంత చక్కని మాట! విడదీయరాని వాటా. కానీ ఆ వాటాలోకి అడుగుపెట్టాలంటే ముందు ఫ్లాటు దొరకాలి. రాజ్యాంగం 15వ అధికరణం రెండవ భాగం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల దగ్గర మతం పేరిట ఎవరినీ ఆపకూడదని చెప్పింది. అందులో ఇళ్ల మాట లేదు. 2005లో అహ్మదాబాద్ పార్సీల గృహ సహకార సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమ సమాజానికే పరిమితం చేసుకునే నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన సచార్ కమిటీ నివేదిక ముస్లిములకు ఇళ్లు కొనడం, అద్దెకు దొరకడం కష్టమవుతున్నదని, అభద్రతతో వారు ఒకేచోట గుమిగూడి బతకవలసి వస్తున్నదని నమోదు చేసింది. గుమిగూడితే ‘వాళ్లంతా ఒకేచోట ఉంటారు’ అంటారు. విడిగా ఉండబోతే ‘ఇప్పుడే ఇచ్చేశాము’ అంటారు.

నేరుగా కాదనడానికి మొగమాటపడేవారికి ఒక మర్యాద మాట దొరికింది: ‘శాకాహారులకు మాత్రమే’. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత పుట్టిన గడ్డ మీద, వాసన సోకకూడదని బోర్డు పెట్టేవారిని చూస్తే నవ్వు వస్తుంది. శాకాహారం ఎవరి ఇంటి ఆచారమైనా మాకు గౌరవమే. వంటింటి పేరు చెప్పి మనిషి పేరును కాదనడాన్నే మేము ప్రశ్నిస్తున్నాము.

ఇతరులను ఇంత అడిగినప్పుడు మనల్ని మనం కూడా అడుగుకోవాలి. ప్రాణుల చిత్రాల విషయంలో మన ఉలమాల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. చేతితో గీసిన బొమ్మకూ కెమెరా ఛాయకూ తేడా ఉందనేవారున్నారు, లేదనేవారున్నారు. తన గుమ్మానికి ఎదురుగా మనిషి బొమ్మ వద్దని ఒక ముస్లిం కుటుంబం కోరితే ఆ కోరికను సంఘం మన్నించాలి. దానికి ఫ్రేమును నాలుగడుగులు జరిపితే చాలు. అదే నడవాలో పక్కింటివారి ముగ్గు, దిష్టి గుమ్మడికాయ, క్రిస్మస్ నక్షత్రం ఉన్నాయి, మనం వాటిని దాటుకుని నవ్వుతూ వెళ్తున్నాము. కానీ మన నమ్మకాన్ని సాకుగా చూపి భవనమంతా బొమ్మలు తీసివేయాలని పట్టుబట్టడం న్యాయం కాదు. ఉమ్మడి స్థలం మనకు కూడా విడదీయరానిదే గాని పూర్తిగా మనది కాదు.

ఇంకొకటి. మనలో సొంత ఇళ్లున్నవారు దళిత కుటుంబానికి అద్దెకు ఇస్తున్నారా? పరుపులు కుట్టే నూర్‌బాషా సోదరుణ్ణి మనవాడేనని పెళ్లి పందిట్లో పక్కన కూర్చోబెట్టుకుంటున్నారా? పొరుగువారి హక్కును అన్నిసా సూరా బంధువైన పొరుగుకు, బంధువు కాని పొరుగుకు కలిపి చెప్పింది. తలుపు విషయంలో మన చేతులు శుభ్రంగా ఉంటేనే ఎదుటివారి తలుపు గట్టిగా తట్టగలము.

మరి ఏమి చేయాలి? అపార్టుమెంటు సంఘాలను మేము కోరేవి కొద్దిపాటివే. గోడకు తగిలించే ప్రతి మనిషి బొమ్మకు ఆ మనిషి సమ్మతి ఉండాలి, అతడు కోరుకుంటే కింద పేరు, వృత్తి, పేట ఉండాలి. ప్రారంభోత్సవానికి బిల్డరుతో పాటు బొమ్మలోని మనిషిని కూడా పిలవాలి, ఆనాడైనా అతడు గేటు దగ్గర సంతకం చేయకుండా లోపలికి రావాలి. ఏ బొమ్మ ఎక్కడ ఉండాలన్నది తీర్మానించేటప్పుడు అద్దెవారి మాట కూడా వినాలి. ఇల్లు ఎవరికి ఇవ్వాలన్నచోట మతం అడగబోమని సంఘం తన నిబంధనలలో ఒక వాక్యం రాసుకోవాలి. ఏ చట్టమూ దానిని అడ్డగించదు. ఆ ఒక్క వాక్యాన్ని చక్కగా ఫ్రేము కట్టించి లిఫ్టు పక్కన పెడితే, ఆ భవనంలో అంతకంటే అందమైన ఫ్రేము మరొకటి ఉండదు.

ఛాయాచిత్రకారులకు ఒక విన్నపం. మన వీధులకు రండి. జాంపేటకు, ఆజాద్ చౌక్‌కు, నిడదవోలు సందులకు రండి. టోపీలు, గడ్డాలు దొరికాయని వెనుదిరగకండి, కొంచెంసేపు కూర్చోండి, చాయ్ తాగండి. నీట్ పరీక్షకు చదువుకునే అమ్మాయి, పంచాయతీ వార్డు సభ్యురాలు, గోదావరి జిల్లాల కబుర్లు చెప్పి అందరినీ నవ్వించే మెకానిక్ మీకు కనబడతారు. వారిని కూడా నలుపు తెలుపులోనే తీయండి, మాకు అభ్యంతరం లేదు.

మన యువతకు కూడా ఒక మాట. మన బొమ్మను ఎవరో తీస్తారని ఎదురుచూడనక్కరలేదు. ప్రతి చేతిలో కెమెరా ఉంది. దాదీల ముఖాలు, దర్జీ దుకాణాలు, పీర్ల చావిళ్లు, ఈద్‌గాహ్ నుంచి తిరిగివచ్చే దారులు, పేర్లతో, తేదీలతో భద్రపరచండి. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. 2015లో జరిగినట్టే నగరం ముస్తాబవుతుంది, ఊరి ముఖమేమిటన్న ప్రశ్న మళ్లీ గోడలకెక్కుతుంది. ఆ గోడల మీద మన ముఖమూ, దాని పక్కన మన పేరూ ఉండేలా ఇప్పటినుంచే అడగడం మొదలుపెట్టాలి.

ఆ ఉపాధ్యాయ కుటుంబానికి చివరికి ఇల్లు దొరికింది. బడికి దూరం, అద్దె ఎక్కువ, పేట మాత్రం మనదే. తాళాలు బాగుచేసే ఆ వృద్ధుని ఫోటో ఆ భవనంలో ఇంకా అక్కడే ఉంది. జీవితమంతా ఎవరి తలుపులో తెరిచి పెట్టిన మనిషి ఆయన. ఆయన పేరు కనుక్కుని, సమ్మతి అడిగి, ఆ ఫ్రేము కింద రాయండని సంఘంవారిని కోరుతున్నాము. తరువాత ఆ టు-లెట్ ఇంటి తలుపు కూడా తెరవండి.